హైదరాబాద్ స్కిన్ క్లినిక్‌ల ‘పిగ్మెంటేషన్ ప్యాకేజీ’: వయసు మచ్చలకు ఏది పనికొస్తుంది, ఏది దండగ

అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, జూబ్లీహిల్స్... ఏ సెంటర్‌లో దిగినా కనీసం రెండు స్కిన్ క్లినిక్‌ల బోర్డులు కనిపిస్తాయి. యాభై దాటినవాళ్లు బుగ్గల మీదో చేతుల వెనకో గోధుమరంగు మచ్చలు చూపిస్తే చాలాచోట్ల కౌన్సెలర్ చేతిలో పెట్టే కాగితం ఒకే రకంగా ఉంటుంది: ఆరో ఎనిమిదో సిట్టింగ్‌ల లేజర్ టోనింగ్ (తక్కువ శక్తి కాంతిని ముఖమంతా పంపడం), మధ్యలో రెండు మూడు పీల్స్ (ఆసిడ్ పూసి పై పొరను ఊడదీయడం), ఒక సన్‌స్క్రీన్, ఒక సీరమ్, మొత్తం ముందే కడితే డిస్కౌంట్. ఈ ప్యాకేజీలో ఉన్నవి పనికిరానివని కాదు. ఒక్కోటీ ఏదో ఒక మచ్చకు పనిచేసేదే. కానీ ‘వయసు మచ్చలు’ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం ఐదు రకాలున్నాయి. ఒకదానికి వాడేది ఇంకోదాన్ని కదిలించదు, కొన్నిసార్లు ముదరబెడుతుంది. అందుకే ఈ సమీక్షలో ప్యాకేజీని గంపగుత్తగా కాక, విడగొట్టి చూస్తున్నాం.

ముందు మచ్చ పేరు తేలాలి

అద్దం ముందు నిలబడి సెల్‌ఫోన్ టార్చ్‌ని ముఖానికి పక్క నుంచి, చర్మానికి దాదాపు ఆనించి వెయ్యండి. మచ్చకు చిన్న నీడ పడిందంటే అది ఉబ్బెత్తుగా ఉన్నట్టు. నీడ లేకపోతే చదునైనది. ఖర్చులేని ఈ ఒక్క పరీక్షతోనే సగం దారి తెలిసిపోతుంది, ఎందుకంటే ఉబ్బెత్తు మచ్చకు టోనింగ్ లేజర్ గానీ క్రీమ్ గానీ పనిచేయదు.

అసలైన ఎండ మచ్చ, అంటే డాక్టర్లు సోలార్ లెంటిగో అనేది, చదునుగా ఉంటుంది. అంచు స్పష్టంగా కనిపిస్తుంది, రంగు మచ్చంతా దాదాపు ఒకేలా ఉంటుంది. బుగ్గ ఎముక మీద, కణత దగ్గర, చేతుల వెనక, మెడ కింద వస్తుంది. ఏళ్ల తరబడి తగిలిన అతినీలలోహిత కిరణాల వల్ల చర్మం పై పొర అడుగున రంగు తయారుచేసే కణాలు పెరిగి, మెలనిన్ అక్కడే పేరుకుంటుంది. ఎండ తగ్గినంత మాత్రాన ఇది పోదు. కాలేయానికీ దీనికీ సంబంధం లేదు, లివర్ టానిక్‌లు తాగి ప్రయోజనం లేదు. కారు నడిపేవాళ్లకు కుడి బుగ్గ మీద ఎక్కువ మచ్చలుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ముందు అద్దం పొరల గాజు కాబట్టి యూవీఏని (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) చాలావరకు ఆపుతుంది, డ్రైవర్ పక్క కిటికీ గాజు అంతగా ఆపదు.

బుగ్గల మీద, కళ్ల కింద, మెడ చుట్టూ నల్ల ఆవగింజల్లాంటివి పుట్టుకొస్తే అవి వేరు. మన ఇళ్లలో వాటినీ పులిపిర్లే అంటారు గానీ, అవి వైరస్ వల్ల వచ్చేవి కావు, అంటుకోవు. అమ్మకుంటే కూతురికీ వస్తాయి. వాటి పేరు డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా, పొట్టిగా డీపీఎన్. కాస్త పెద్దగా, గరుకుగా, పైనుంచి అతికించినట్టు ఉండేవి సెబోరిక్ కెరటోసిస్. మన రంగు చర్మంలో ‘వయసు మచ్చలు పెరుగుతున్నాయి’ అని చూపించేవాటిలో చాలా భాగం ఈ రెండే.

రెండు బుగ్గలకూ, నుదుటికీ, పై పెదవి మీదా సమానంగా పరుచుకుని అంచు మసకగా ఉంటే మంగు. ఎండతో పాటు హార్మోన్లు, మామూలు వెలుతురు కూడా దాన్ని రేపుతాయి. నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల ముందు, మెడ మీద బూడిద కలిసిన గోధుమరంగు కనిపిస్తే ముందు చూడాల్సింది ముఖాన్ని కాదు, బాత్రూమ్ అరలోని జుట్టు రంగు డబ్బాని. అందులోని పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు కొన్నిసార్లు దురద కూడా లేకుండానే ఇలా నలుపు తేలుతుంది. ‘హెర్బల్’ అని అమ్మే నల్ల హెన్నాలోనూ పీపీడీ కలపడం మామూలే. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే నల్లబడితే కుంకుమలోని రంగును అనుమానించాలి. ఇలాంటివాళ్లకు లేజర్ కంటే ముందు ప్యాచ్ టెస్ట్ చేయాలి. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు మరోసారి చూస్తారు. చివరిసారి చూసేదాకా వీపు తడపకూడదు. కారణం కనిపెట్టకుండా మచ్చని చెరిపే ప్రయత్నమంతా వృథా, ఎందుకంటే నెలకోసారి మళ్లీ రంగు వేస్తూనే ఉంటారు.

మెడ ముడతల్లో, కణతల దగ్గర చర్మం మందంగా, మఖమల్‌లా నల్లబడితే అది ఎండ వల్ల కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదన్న సూచన. దానికి స్కిన్ క్లినిక్ కన్నా ముందు హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించాలి, నడుం చుట్టుకొలత తగ్గించాలి. ఇక భుజాల వెనక, ముంజేతుల మీద అలలలా నలుపు కనిపిస్తే నైలాన్ పీచుతో రుద్దడం ఆపండి. రుద్దేకొద్దీ అది ముదురుతుంది.

అందం సంగతి పక్కనపెట్టి వెంటనే చూపించాల్సినవీ ఉన్నాయి. మచ్చ రంగు ఒకచోట నలుపు, ఒకచోట గోధుమగా మారుతున్నా, అంచు వంకరలు తిరుగుతున్నా, నెలల్లో పెరుగుతున్నా, మానకుండా రక్తం కారుతున్నా ఆగకూడదు. ముక్కు పక్కన, కంటి మూలన ముత్యంలా మెరిసే అంచుతో నల్లటి బుడిపె ఉంటే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. మన చర్మంలో అది తరచూ నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చే అనుకుని ఏళ్లు గడిపేస్తారు. అరికాలు, అరచెయ్యి, గోరు కింద కొత్తగా వచ్చిన నల్ల మచ్చనూ తేలిగ్గా తీసుకోవద్దు. కొద్ది నెలల్లో ఒంటి నిండా దురదతో గరుకు మచ్చలు గుంపుగా లేస్తే చర్మ డాక్టరుతో పాటు జనరల్ ఫిజీషియన్‌నీ కలవాలి.

కన్సల్టేషన్: ప్యాకేజీలో అతి ముఖ్యం, అతి తక్కువ సేపు

మంచి కన్సల్టేషన్‌లో డాక్టరు డెర్మోస్కోప్ పెట్టి చూస్తారు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్ అది. లెంటిగో అంచు చెద తిన్నట్టు కనిపిస్తుంది, లోపల వేలిముద్రల్లాంటి గీతలుంటాయి. సెబోరిక్ కెరటోసిస్‌లో తెల్ల చుక్కలు, నల్ల రంధ్రాలు కనిపిస్తాయి. చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. డెర్మోస్కోప్ బయటికి తీయకుండా, వాడే మందులూ జుట్టు రంగూ అడగకుండా, కౌన్సెలర్ రేటు కాగితం ముందు పెడితే అక్కడినుంచి లేచి రావచ్చు.

తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా చర్మ డాక్టర్లు కారు. బోర్డు మీద ఎం.డి. డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ వంటి డిగ్రీ, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ‘కాస్మెటాలజీ సర్టిఫికెట్’ లేజర్ చేతికివ్వడానికి సరిపోదు. మచ్చ ఏమిటో తేల్చుకోవడం వరకైతే ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలోని చర్మవ్యాధుల విభాగాలకు వెళ్లడం మేలని మా అభిప్రాయం. క్యూలో నిలబడాలి, నిజమే. కానీ అక్కడ ఎవరికీ అమ్మాల్సిన ప్యాకేజీ ఉండదు. ఆ చీటీ పట్టుకుని తర్వాత ఏ క్లినిక్‌కి వెళ్లినా మాట్లాడటం తేలికవుతుంది.

లేజర్: సరైన మచ్చకు బంగారం, తప్పు మచ్చకు శాపం

క్లినిక్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఏ మిషన్, ఎన్ని నానోమీటర్లు (అంటే కాంతి తరంగదైర్ఘ్యం ఎంత)?’ చదునైన ఎండ మచ్చకు సరిపోయేది క్యూ-స్విచ్డ్ ఎన్డీ యాగ్ లేజర్‌లో 532 నానోమీటర్ల కాంతి, లేదా పికో లేజర్. నానోసెకన్లలో, పికో అయితే అంతకన్నా తక్కువ సేపట్లో పడే ఆ దెబ్బకు మెలనిన్ పగిలిపోతుంది. కాంతి తగిలిన వెంటనే మచ్చ తెల్లగా పొంగినట్టవుతుంది, అదే సరిగ్గా తగిలిందన్న గుర్తు. తర్వాత ముదురు పక్కు కడుతుంది. ముఖం మీద వారం లోపు, చేతుల మీద పది నుంచి పద్నాలుగు రోజుల్లో రాలిపోతుంది. చాలా లెంటిగోలకు ఒకటి నుంచి మూడు సిట్టింగ్‌లు చాలు, మధ్యలో నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. మరి ఎనిమిది సిట్టింగ్‌ల ప్యాకేజీ ఎవరికి? అది మంగుకు చేసే టోనింగ్. తక్కువ శక్తితో 1064 నానోమీటర్ల కాంతిని వారానికో రెండు వారాలకో ఒకసారి ముఖమంతా పంపుతారు. విడి మచ్చలున్నవాళ్లకు దాన్ని అమ్మితే రంగు కాస్త తేరుకున్నట్టు అనిపిస్తుందే తప్ప మచ్చ ఉన్నచోటే ఉంటుంది. మంగుకు చేసినా ఆపిన కొన్ని నెలలకు తిరగబెట్టడం సాధారణం. అతిగా చేస్తే చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి, వాటిని పోగొట్టడం మంగును పోగొట్టడం కన్నా కష్టం.

532తో మన చర్మానికున్న అసలు ప్రమాదం వేరు. మచ్చ రాలిపోయిన చోట మూడు నాలుగు వారాలకు ఇంకా ముదురు నలుపు తేలడం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. రంగు చర్మం ఏ మంటకైనా, ఏ గాయానికైనా మెలనిన్‌తోనే జవాబిస్తుంది. చాలావరకు అది కొన్ని నెలల్లో తగ్గుతుంది గానీ ఆ నెలలు నరకం. అందుకే ముఖమంతా ఒకేసారి చేయించుకోవద్దు. దవడ అంచున ఉన్న ఒకటి రెండు మచ్చల మీద ‘టెస్ట్ స్పాట్’ అడగండి, ఆరు వారాలు చూడండి, ఆ తర్వాతే మిగతావి. టెస్ట్ స్పాట్‌కు ఒప్పుకోని క్లినిక్‌కు ముందస్తు డబ్బు కట్టొద్దు.

ఐపీఎల్ అనే వెలుగు మిషన్ లేజర్ కాదు. తెల్లచర్మం మీద బాగా పనిచేసే ఆ పరికరం మన రంగు మీద కాల్చే ప్రమాదం ఎక్కువ. వెంట్రుకలు తీసే డయోడ్ లేజర్‌ను మచ్చలకు వాడటం ఇంకా తప్పు. సిట్టింగ్‌లో కళ్లకు ఆ తరంగదైర్ఘ్యానికి తగిన షీల్డ్ పెట్టాలి, దూది పెట్టి టేపు వేయడం కాదు. ట్రెటినోయిన్ వంటి రెటినాయిడ్ క్రీమ్ వారం ముందే ఆపాలి. గత నాలుగు వారాల్లో ఎండకు కమిలి ఉంటే వాయిదా వెయ్యండి. హైదరాబాద్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఇంట్లో పెళ్లి ఉంటే ముహూర్తానికి కనీసం రెండు మూడు నెలల ముందు అయిపోవాలి, లేకపోతే పెళ్లయ్యాకే.

మా లెక్కలో చదునైన ఎండ మచ్చకు 5కి 4. మంగుకు 5కి 2. ఉబ్బెత్తు మచ్చకు టోనింగ్ అయితే సున్నా.

పులిపిర్ల వంటివాటికి కాటరీ

కాటరీ, అంటే ఉబ్బెత్తు మచ్చను వేడితో కాల్చి తీయడం, మాత్రం నిస్సందేహంగా పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితమిచ్చే పని. లిడోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం ఉన్న మత్తు క్రీమ్‌ను మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి 45 నుంచి 60 నిమిషాలు ఉంచాలి. పదిహేను నిమిషాలకే తుడిచేసి మొదలుపెడితే ప్రతి చుక్కకూ చుర్రుమంటుంది. రేడియోఫ్రీక్వెన్సీ సూదితో తక్కువ పవర్‌లో పైభాగాన్ని మాత్రమే మాడ్చి, సెలైన్ తడిపిన గాజుగుడ్డతో తుడిచేస్తారు. ఒకే సిట్టింగ్‌లో పదుల కొద్దీ తీసేయొచ్చు. లోతుగా కాల్చితేనే గుంటలు, తెల్లమచ్చలు మిగులుతాయి. ‘వేరుతో సహా తీసేస్తాం’ అనేవాళ్ల దగ్గర జాగ్రత్త, వీటికి వేర్లు ఉండవు.

పక్కు వారం పది రోజుల్లో దానంతట అదే రాలాలి. గిల్లితే అక్కడ నలుపు ఖాయం. రాలిన చోట లేత గోధుమ గుర్తు ఒకటి నుంచి మూడు నెలలు ఉంటుంది. సంవత్సరాల తర్వాత కొత్తవి రావడం వైద్యం విఫలమైనట్టు కాదు, అది వంశపు లక్షణం. డబ్బు ఒక్కో బుడిపె లెక్కన కడతారా, సిట్టింగ్ లెక్కన కడతారా అన్నది ముందే రాయించుకోండి. చిన్నవి చాలా ఉంటే సిట్టింగ్ లెక్కే లాభం. ఇంకోటి: ఏ బుడిపె మీదైనా అనుమానం ఉంటే దాన్ని కాల్చకూడదు. పైపైన కోసి బయాప్సీకి పంపాలి. కాలిస్తే పరీక్షకు ఏమీ మిగలదు.

ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయోథెరపీ కూడా కొన్నిచోట్ల చేస్తారు. ఆ ద్రవం మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రంగు కణాలు చలికి చర్మంలోని మిగతా కణాల కన్నా ముందే చచ్చిపోతాయి, కాబట్టి గోధుమ మచ్చ పోయి తెల్ల మచ్చ మిగలొచ్చు. ముఖానికి వద్దనే మా సలహా.

పీల్స్, డ్రిప్‌లు

గ్లైకాలిక్ పీల్ ముఖం కాస్త తేటపడటానికి పనికొస్తుంది, విడి మచ్చను తీయదు. ఆసిడ్ ఎన్ని శాతం, ఎన్ని నిమిషాలు ఉంచుతారు, దేనితో ఆపుతారు అన్నవి చెప్పలేని పార్లర్‌లో చేయించుకోవద్దు. రంగు తేలుతుందని నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్ డ్రిప్ వయసు మచ్చలకు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. ప్యాకేజీలో ఉంటే కొట్టేయించండి. ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు మంగుకు ఇస్తారు, సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే మందు. గుండెకు స్టెంట్ పడినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాళ్ల సిరల్లో గడ్డలున్నవాళ్లు అడగకుండా మింగకూడదు. ఈ వయసువాళ్లలో అలాంటివాళ్లు తక్కువేం కాదు.

మందుల షాపు నుంచి తెచ్చే క్రీములు

చదునైన మచ్చకు క్రీమ్ పనిచేస్తుంది, నెమ్మదిగా. మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, పూర్తిగా పోకుండా లేతబడటమే ఎక్కువ. ట్రెటినోయిన్ 0.025 శాతంతో మొదలుపెట్టాలి. రాత్రి ముఖం కడిగి, ఇరవై నిమిషాలు ఆరాక, ముఖమంతటికీ బఠాణీ గింజంత. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే. ఎర్రబడి పొట్టు లేస్తుంటే అది ‘పనిచేస్తోంది’ అని సంతోషించొద్దు. ఆ మంటే కొత్త నలుపు తెస్తుంది, రెండు మూడు రోజులు ఆపండి. పడనివాళ్లకు అజెలాయిక్ ఆసిడ్ 20 శాతం మంచి ప్రత్యామ్నాయం. మొదట్లో కొద్దిగా చిటపటలాడుతుంది, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.

హైడ్రోక్వినోన్ 2 లేదా 4 శాతం డాక్టరు రాస్తేనే. మచ్చ మీద మాత్రమే, దూది పుల్లతో. పక్కకు పాకితే మచ్చ చుట్టూ తెల్లటి వలయం పడుతుంది. మూడు నెలలు దాటితే విరామం ఇవ్వాలి. ఏళ్ల తరబడి రాస్తే నీలం కలిసిన బూడిద రంగు పేరుకుంటుంది, దానికి మందు దాదాపు లేనట్టే. ట్యూబ్‌లో క్రీమ్ గోధుమరంగుకు తిరిగితే పాడైనట్టు, పారేయండి. విటమిన్ సి సీరమ్‌కూ ఇదే గుర్తు.

మన ఊళ్లో పెద్ద తలనొప్పి ‘మూడు మందులు కలిపిన’ ట్యూబ్. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో పాటు మోమెటాసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. వారం పది రోజుల్లో ముఖం మెరిసిపోతుంది కాబట్టి పక్కింటివాళ్లు చెప్పుకుంటారు. 2018లో కేంద్రం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద పేరు చెబితే ఇచ్చే షాపులకు కొదవ లేదు. ఎనిమిది వారాలు మించి రాస్తే చర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, మొటిమలు వచ్చి, ఆపగానే ముఖం మండిపోతుంది. అలా ఇప్పటికే రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా మానకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

బేగంబజార్‌లోనో ఆన్‌లైన్‌లోనో దొరికే విదేశీ ‘వైట్నింగ్’ డబ్బాల్లో తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ముట్టుకోవద్దు. పాదరసం కలిపినవి ఉంటాయి. కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్ అని రాసి ఉన్నా అదే. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు కొత్తగా పడతాయి. పార్లర్ బ్లీచ్ ముఖం మీది నూగుకు రంగు తగ్గిస్తుంది, మచ్చకు కాదు.

సన్‌స్క్రీన్: ప్యాకేజీలో చివరి వరుస, అసలు మొదటిది కావాలి

హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీదుంది. మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే ఊరు ఇది. ఇక్కడ సన్‌స్క్రీన్ మానేసి లేజర్ చేయించుకోవడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ఎస్‌పీఎఫ్ 30 దాటితే తేడా స్వల్పం, 30కి సుమారు 97 శాతం, 50కి 98 శాతం యూవీబీ (అతినీలలోహితంలో ఇంకో రకం) ఆగుతుంది. అంతకన్నా చూడాల్సింది యూవీఏ రక్షణను చెప్పే పీఏ గుర్తు పక్కన ఎన్ని ప్లస్‌లున్నాయన్నది, నాలుగుంటే మంచిది. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, రంగున్న సన్‌స్క్రీన్ కొనాలి. మామూలువి కంటికి కనిపించే వెలుతురును సరిగా ఆపవు. రంగున్నది ముఖం బూడిద పూసినట్టు కూడా చేయదు.

ఎంత రాయాలన్న దగ్గరే అందరూ పొరబడతారు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు గీస్తే ముఖానికీ మెడకూ సరిపోతుంది. లేబుల్ మీది ఎస్‌పీఎఫ్ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచింది. ఆ లెక్కన రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబ్ ముఖానికే మూడు వారాల్లో అయిపోవాలి. మీ ట్యూబ్ మూడు నెలలు వస్తోందంటే లేబుల్ మీది రక్షణలో చిన్న భాగమే అందుతోంది. క్లినిక్ కిట్‌లో ఇచ్చే ఖరీదైన చిన్న ట్యూబ్‌ను పొదుపుగా రాసే బదులు, చవకైన పెద్ద ట్యూబ్‌ను ధారాళంగా రాయడం మేలు.

చేతుల వెనక రాసేవాళ్లు మరీ తక్కువ. రాసినా గంటలో చేతులు కడుక్కుంటాం, అది పోతుంది. బండి నడిపేవాళ్లు మణికట్టు దాటి వచ్చే నూలు గ్లౌజులు వేసుకోవాలి. చేతి వెనక భాగాన్ని కప్పని సగం గ్లౌజులు మచ్చలొచ్చే చోటునే వదిలేస్తాయి. చేతుల మీద లేజర్ చేయించుకుంటే పక్కు రాలేదాకా అంట్ల సబ్బు తగలకుండా చూసుకోవాలి, రోజుకు రెండుసార్లు వాసలీన్ పల్చగా రాయాలి. చేతులు మానడానికి ముఖానికి పట్టిన కాలానికి దాదాపు రెట్టింపు పడుతుంది కాబట్టి, రెండో సిట్టింగ్ తేదీ కూడా ముఖానికి ఇచ్చిన తేదీ కాకుండా ఆ లెక్క ప్రకారం విడిగా అడగండి.